బడి పనికి బీడీ ఆకు

లతా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. ఇది నీదాకా రాదని తెలుసు. అయినా నీ బిడ్డ సంగతి నీకు కాక ఎవరికి చెప్పుకోను?

చిన్ని ఇప్పుడు మన బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లోని బాల్వాడికి వెళ్తోంది. ఈ వారం వాళ్లకు ఆకుల పాఠం. ఇంట్లో పిల్లలతో ఆకుల సీతాకోకచిలుక చేయించి ఫొటో పంపమని టీచర్ ఫోన్‌లో పెట్టింది. సాయంత్రానికి బీడీలు అప్పజెప్పాలి, బయట ఆకులు ఏరే తీరిక నాకెక్కడిది? తడిబట్టలో చుట్టిపెట్టిన బీడీ ఆకులే నాలుగు తీసిచ్చాను.

"నా బిడ్డ చెయ్యి ఈ ఆకుకు తాకొద్దమ్మా" అనేదానివి. అది పాకుతూ నా చాట దగ్గరికొస్తే ఎత్తుకుపోయేదానివి. మరిచిపోలేదు. బడి పనే కదా అనుకున్నాను.

నేను జిగురు వెతికి తెచ్చేలోగా చిన్ని ఆకు మీద నా కొలత రేకు పెట్టి, తన బొమ్మల కత్తెరతో చుట్టూ కత్తిరించింది.

"రెక్కలు చెయ్యవే" అన్నాను.

"థాంబ్ అమ్మమ్మా, జర ఉండు" అంటూ ఆకు చుట్టి, కొసను గోటితో లోపలికి మడిచింది. నేను నేర్పలేదు, లతా. రోజూ పక్కన కూర్చుని చూసింది, అంతే.

తంబాకు లేని చిన్న బీడీ. కోప్పడదామంటే దాని ముఖం వెలిగిపోతోంది.

"ఊడిపోతున్నది, జల్ది దారం కట్టు" అని నా చేతిలో పెట్టింది.

వద్దనేలోగా నా వేళ్లు ముడి వేసేశాయి.

అమ్మ