టైగర్ నీళ్లు తాగలేదు

అన్నా,

ఈ పొద్దున టైగర్ ముక్కు మీద చెయ్యి పెడితే పొడిగా ఉంది. రేపు నీ సంవత్సరీకం. ఇల్లంతా కడుగుతూ అమ్మ నిన్న టైగర్ నీళ్లు తాగే సిమెంటు గోలెం కూడా బ్లీచింగ్ పౌడర్ వేసి తోమింది. అప్పటినుంచి టైగర్ ఆ నీళ్లు వాసన చూసి వెనక్కి తిరుగుతోంది. సూర్యాపేట ఎండలు నీకు తెలుసు కదా.

"దూపైతే అదే తాగుతది తియ్," అంది అమ్మ, అటు చూడకుండానే. నువ్వు పోయాక తను నీ కుక్కను పేరు పెట్టి పిలవలేదు.

కొత్తవాళ్లతో మాట్లాడటం నాకు భయమే. అయినా పశువుల డాక్టరుకు ఫోన్ చేశాను.

"మెడకాడ తోలు పట్టి ఇడువమ్మా. ఎంటనే సదురుకోకుంటే దవాఖానకు తోలుకరా. జర జల్ది!"

పట్టి వదిలాను. తోలు నెమ్మదిగా దిగింది. గోలెం మళ్లీ కడిగి నింపినా తాగలేదు. ఆటో కోసం నేను చెప్పులు వేసుకుంటుంటే అమ్మ వంటింట్లోంచి మట్టి మూకుడు తెచ్చింది. అందులో బోరు నీళ్లు పోసి దాని ముందు కూర్చుంది.

"ఏంరా టైగర్, నా మీద అలిగినవా? తాగు బిడ్డా."

టైగర్ చాలాసేపు వాసన చూసింది. మేమిద్దరం కదల్లేదు. తర్వాత మూకుడంతా ఖాళీ చేసింది. అమ్మ మళ్లీ నింపింది.

"అయినా దవాఖానల సూపిద్దాం. ఆటో పిలువు," అంది.

సోమవారం నేను మిర్యాలగూడలో ఉద్యోగంలో చేరుతున్నాను. టైగర్‌కు ఇక అమ్మే నీళ్లు పెడుతుంది.