తేదీలు రాసిన మాత్రలు

నా ఇంటిదానికి,

నీ ఉత్తరం అందింది. పాపకు దగ్గు తగ్గిందనీ, నువ్వు కూడా కులాసాగా ఉన్నావనీ చదివి ఊపిరి పీల్చుకున్నాను. ఇక్కడ నేనూ అంతే అని రాయాలి. కూర్చుని ఉత్తరం రాయగలుగుతున్నాను కాబట్టి బాగున్నట్టే అనుకో.

నీ ప్రశ్నలకు వరసగా జవాబులు రాస్తున్నాను. గదిలో నాతో ఉండే వెల్డరు వేరే సైటుకు వెళ్ళిపోయాడు. అతని గురక గురించి నీకు ఎన్ని చాడీలు చెప్పానో, ఇప్పుడు ఆ గురక లేక ఏమీ తోచడం లేదు. పైన క్రేన్ క్యాబిన్‌లో రోజుకు తొమ్మిది గంటలు ఒక్కణ్ణే. వాకీటాకీలో వినిపించేది విజిల్ గొంతు ఒక్కటే. విజిల్ అంటే, కింద నిలబడి బరువు ఎక్కడ దించాలో నాకు చెప్పే సిగ్నల్ మనిషి. వాడైనా "ఎడమకి, ఇంకొంచెం, చాలు" అనడం తప్ప ముచ్చట్లు చెప్పడు కదా.

క్రేన్ మీంచి మన ఇల్లు కనిపిస్తుందా అని పాప అడిగిందట. కనిపించదు. కానీ ఏ దిక్కున ఉందో నాకు తెలుసు. భోజనం వేళకు నాన్న క్రేన్ మొత్తం అటు తిప్పుకుని తింటాడని చెప్పు.

ఇక నీ మూడో ప్రశ్న. "బీపీ మాత్రలు రోజూ వేసుకుంటున్నారా? మీకు చెప్పడం కంటే గోడకు చెప్పడం నయం" అని రాశావు. ఫోన్‌లో నువ్వు అడిగినప్పుడల్లా "ఆఁ, వేసుకున్నా" అని నోటికి దానంతట అదే వచ్చేస్తుంది. అందుకే ఇది ఉత్తరంలో రాస్తున్నాను.

వేసుకోలేదు.

నువ్వు బట్టలు కుట్టి అలసిపోయి కూడా, ప్రతి మాత్ర వెనకా చిన్న అక్షరాలతో తేదీ రాసి షీట్లు ఇచ్చావు. ఖాళీ షీటు ఉత్తరంతో పాటు తిప్పి పంపమన్నావు. పంపాను. అన్నీ ఖాళీయే, ఒక్క తేదీ కూడా తప్పలేదు. కానీ రోజూ ఆ మాత్ర నొక్కి తీసి నోట్లో కాదు, ఓ రేకు డబ్బాలో వేశాను.

ఎందుకంటే, ఆ మందుతో మూత్రం ఎక్కువ వస్తుంది. క్యాబిన్ నుంచి దిగి మళ్ళీ ఎక్కాలంటే అరగంట. అంతసేపూ కింద పనివాళ్ళందరూ చేతులు కట్టుకుని నిలబడాలి. మొదటి వారం రెండుసార్లు దిగాను. "నీకు పని క్యాబిన్‌లోనా, నిచ్చెన మీదా?" అన్నాడు సూపర్‌వైజరు. అందరూ నవ్వారు. సిగ్గేసింది. అందుకని పని రోజుల్లో మానేసి, సెలవు కదా అని ఆదివారం ఒక్కరోజే ఆ డబ్బాలోంచి మూడు మింగేవాణ్ణి. సోమవారం పొద్దున సైటు నర్సు మా బీపీ చూసేది. బడికి వెళ్ళనివాడు పరీక్ష ముందు రోజు పుస్తకం మొత్తం చదివినట్టు ఉండేది నా వ్యవహారం. పాసవుతున్నాను కదా అనుకున్నాను. ఆరు వారాలు ఇలాగే నడిచింది.

పోయిన సోమవారం ఇనుప చువ్వల కట్ట దించుతున్నాను. క్యాబిన్ నేలకున్న అద్దంలోంచి కిందికి చూద్దామని సీట్లోంచి లేచాను. ఒక్కసారిగా కళ్ళకు చీకట్లు కమ్మాయి. లివర్ మీద చెయ్యి జారింది. చూపు తేరుకునేసరికి కట్ట ఊగుతూ విజిల్ తలకు బారెడు దూరంలో ఉంది. వాకీటాకీలో వాడు పకపకా నవ్వుతూ, "ఏంటన్నా, కునుకు తీశావా?" అన్నాడు. వాడికీ ఇంటి దగ్గర నీలాంటి మనిషి ఉంది. వాడు అరిచినా తిట్టినా సహించేవాణ్ణేమో, ఆ నవ్వు మాత్రం భరించలేకపోయాను.

కట్ట జాగ్రత్తగా దించి, నేనూ దిగి, తిన్నగా నర్సు దగ్గరికి వెళ్ళి అంతా చెప్పేశాను. ఆమె డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. "ఈ మందు మీ పనికి కుదరట్లేదని ముందే చెప్తే నేనే మార్చేదాన్ని కదయ్యా!" అంది డాక్టరమ్మ. "ఒకరోజు మర్చిపోతే వదిలెయ్యండి, మర్నాడు మామూలు టైముకి ఒక్కటే. అన్నీ కలిపి మింగితే బీపీ పడిపోయి, లేవగానే కళ్ళు తిరగవా? తగ్గిందనో, కుదరట్లేదనో మీ అంతట మీరు మానడమేంటి?" భుజం నొప్పికి నేను దుకాణంలో కొనుక్కుంటున్న బిళ్ళలు కూడా బీపీ పెంచుతాయట, వాటినీ ఆపించింది. కొత్త మందు రాసింది. కూర్చున్న చోటు నుంచి నెమ్మదిగా లేవమంది.

బీపీ నిలకడగా ఉందని తేలేదాకా నన్ను పైకి ఎక్కనివ్వరు. స్టోర్లో మేకుల పెట్టెలు సర్దుతున్నాను. చుట్టూ ఇంతమంది ఉన్నారు, అయినా పైన ఉన్నప్పటికంటే ఎక్కువ ఒంటరిగా ఉంది. విజిల్‌కు నిజం చెప్పాను. వాడు నవ్వలేదు. మర్నాటి నుంచి భోజనానికి వేరే చోట కూర్చుంటున్నాడు.

డబ్బాలో ఇరవై నాలుగు మాత్రలు తేలాయి. నర్సు పారేస్తానని తీసుకుంది. ఒక్కో మాత్రా నీతో ఆడిన ఒక్కో అబద్ధం. నీకు కోపం వస్తే రానీ, తిట్టాలనిపిస్తే తిట్టు, కానీ మాట్లాడటం మానెయ్యకు.

కొత్త షీటు మీద తేదీలు నేనే రాసుకుందామని కూర్చున్నాను. రాయబుద్ధి కాలేదు. ఈ కవరులో ఖాళీ షీటు కూడా పెట్టడం లేదు. దాన్ని నువ్వు ఇక నమ్మలేవు, నమ్మమని అడిగే ముఖం నాకూ లేదు. ఒక్కటి మాత్రం అడుగుతాను. రోజూ పొద్దున ఏడింటికి ఒక్క నిమిషం ఫోన్ చెయ్యి. నామీద కోపం ఉంటే ఏమీ మాట్లాడొద్దు. నేను నీళ్ళు గుటక వేసిన చప్పుడు విని పెట్టెయ్యి.

ఇట్లు,
ఏడింటికి ఫోన్ పక్కనే నీళ్ళ గ్లాసు పెట్టుకుని కూర్చునే
మీ ఆయన