ఎర్ర చార విమానం

చిట్టితల్లికి, ఇక్కడ అందరం క్షేమం. ఫోనులో చెప్పలేక కార్డు రాస్తున్నాను. ఈ సంగతి నువ్వు ఇంకొకళ్ళ నోట వినకముందే నేను చెప్పాలి.

నువ్వు నడిపే విమానంలాగే ఎర్ర చార వేసి నేను తయారుచేసిన రిమోటు విమానాన్ని ఆదివారం ఎయిర్‌పోర్టు కంచె పక్క మైదానంలో ఎగరేశాను. అనుమతి లేకుండా అక్కడ ఏదీ ఎగరెయ్యకూడదని బోర్డు ఉంది. బొమ్మకు అదెందుకులే అనుకున్నాను. దిగడానికి వస్తున్న ఒక చిన్న విమానానికి అది ఎదురు వెళ్ళింది. రిమోటు చేతిలో ఉండి కూడా ఎటు తిప్పాలో నాకు తోచలేదు. ఆ విమానమే ఒక్కసారిగా పక్కకు ఒరిగి తప్పించుకుంది.

దిగాక పైలట్ నన్ను వెతుక్కుంటూ వచ్చింది. నీ ఈడు పిల్ల. తిట్టలేదు. "రెక్కకి తగిలుంటే మా నాన్నకి ఎవరు చెప్పేవాళ్ళండీ?" అంది. నాకూ విమానం నడిపే కూతురుందని చెప్పడానికి నోరు రాలేదు. తల దించుకుని రిమోటు ఆ అమ్మాయి చేతిలో పెట్టేశాను.

అధికారులు మందలించి వదిలేశారు. మీ అమ్మ మాత్రం భోజనం వడ్డించి, మాట్లాడకుండా పక్క గదిలోకి వెళ్ళిపోతోంది. నువ్వొక మాట చెబితే వింటుంది. నీ గది కిటికీ బాగుచేయించావా? పాత స్వెటర్ పంపమంటావా? నీకూ ఎప్పుడైనా ఇలాంటిది ఎదురైతే దాచకుండా రాయి.

నీ దారికి నాలాంటి నాన్న ఎవడూ అడ్డు రాకూడదని దీవిస్తూ,
నాన్న