బూచోడికి పాపిడి తీసిన రోజు

డిసెంబరు, సోమవారం రాత్రి.

మేకలు కాసే మా కుక్క బూచోడికి పొద్దున నా పెళ్లాం సిన్నమ్మి దువ్వెనతో పాపిడి తీసి, దువ్వెన మళ్లీ గూట్లో పెట్టేశాను. తల దువ్వుకోబోయి సిన్నమ్మి కేకలేసింది.

"దీన్నిండా కుక్క బొచ్చేటి? నువ్వు మడిసివేనా మావా?"

"ఒలే, నీకంటే వాడి జుట్టే ఒత్తుగుందే!"

"అయితే అడుగుదాకా దువ్వు" అంటూ సిన్నమ్మి వాడి చెవి వెనక ఉండకట్టిన బొచ్చు విప్పింది. బూచోడు కుయ్యిమన్నాడు. లోపల గుత్తులుగా రక్తం తాగి ఉబ్బిన గోమార్లు, కింద పచ్చిపుండు. నా నవ్వు ఆగిపోయింది.

మా రెండో కుక్క నల్లోడిది నున్నటి ఒళ్లు. గోనెగుడ్డతో తుడిచి కానుగ నూనె రాస్తే చాలు, గోమార్లు పట్టవు. బూచోడికీ అలాగే పైపైన రాస్తూ వచ్చాను. నూనంతా బొచ్చు తాగేసింది, చర్మానికి చుక్క అందలేదు.

"మొత్తం గొరిగెయ్ మావా."

ఈ మంచులో గొరిగితే చలికి పోతాడు. వదిలేస్తే గోమార్లు రక్తం పీల్చేస్తాయి. చివరికి చెవుల వెనక మాత్రం కత్తిరించి, దొరికినన్ని ఏరేశాం. సాయంత్రం మేకల్ని నల్లోడొక్కడే తోలుకొచ్చాడు. బూచోడు అంబలి ముట్టలేదు.

ఇప్పుడు పొయ్యి పక్కన నా కంబళిలో ఉన్నాడు. సిన్నమ్మి దువ్వెన అడగలేదు, నన్ను తిట్టనూ లేదు. తిడితే బాగుండును.