ప్లగ్గులో తక్కువైన ముక్క

నరసరావుపేట, 1946 మే, బుధవారం

కారు ప్లగ్గు విరిగింది. డ్రైవరు మస్తాను దాన్ని పానాతో ఊడదీసి, పగిలిన పింగాణీ పెంకులు అరుగు మీద పోశాడు. నేను వాటిని కలిపి పేర్చి చూస్తే వడ్లగింజంత ముక్క తక్కువైంది. అది ఇంజనులో పడి ఉంటే, తిప్పగానే లోపలంతా గీసుకుపోతుందని కారుతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకంలో ఉంది.

ఆ మాటే మెల్లగా అన్నాను.

“ఏంది పాపగారూ, కాన్వెంటులో ఇంజన్లు కూడా చెప్పారా?” అన్నాడు మస్తాను. నాన్నగారూ నవ్వారు. మస్తాను కొత్త ప్లగ్గు బిగించసాగాడు. నేను లోపలికి వచ్చేశాను.

తెల్లవారగానే వదినను పురిటికి గుంటూరు ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. నడిదారిలో బండి ఆగిపోతే? ఒకవేళ ఆ ముక్క వాకిట్లోనే రాలిందేమో.

మా బండికి ముందువైపు హ్యాండిలు దూర్చి తిప్పితేనే ఇంజను కదులుతుంది. ఆ హ్యాండిలు ఇప్పుడు నా మంచం కింద ఉంది. పొద్దున వెతుకుతారు. నాన్నగారు అడిగేసరికి నాకు నోరు పెగలాలి.