మావాడు ఏమీ చెయ్యడండీ

పుణె, సోమవారం

శ్రీ దత్తాత్రేయ ఘాణేకర్ గారికి,

వత్సలా లిమయే సాష్టాంగ నమస్కారం చేసి రాయునది.

ఒకే సొసైటీలో ఎదురెదురు బిల్డింగుల్లో ఉంటూ ఈ ఉత్తరమేమిటని మీకు అనిపించవచ్చు. ఎదురుపడి పోట్లాడితే మర్యాదకి టీ ఇవ్వాలి. ఇంత కోపంలో పాలు కాచడం నా వల్ల కాదు.

సంగతి మీ కుక్కది. నిన్న పొద్దున్న నేనూ మా చకలీ గుట్ట ఎక్కుతున్నాం. చకలీ అంటే తెలుసుగా, జంతికలా తోక చుట్టుకుని ఉండే మా బుల్లి కుక్క. దాని మానాన అది గడ్డి వాసన చూసుకుంటూ నడుస్తోంది. ఇంతలో పైనుంచి మీ శ్రీఖండ్ ఊడిపడ్డాడు. దూడంత కుక్క, మెడకి గొలుసు లేదు. చకలీని దొర్లించాడు, మట్టికాళ్ళు నా చీరమీద పెట్టాడు, నా కళ్ళద్దాలు రెండువైపులా నాకాడు. మీరేమో అల్లంత దూరాన తుమ్మచెట్టు వెనక నిలబడి "మావాడు ఏమీ చెయ్యడండీ" అని అరిచారు. గొలుసు మీ చేతిలో ఊగుతోంది. చెయ్యడానికి ఇంకా ఏం మిగిలిందో నాకు తెలియలేదు.

అప్పట్నుంచి చకలీ మంచం కింద దూరింది. తోక చుట్ట విడిపోయి తాడులా వేలాడుతోంది. గుమ్మం దాటమంటే దాటదు. దానికి వయసు మీద పడింది, నడక మానిపిస్తే కాళ్ళు పట్టేస్తాయని పశువుల డాక్టరు మరీమరీ చెప్పాడు. నాకు మీ క్షమాపణలేం వద్దు. అది మళ్ళీ తన కాళ్ళతో గుట్ట ఎక్కాలి. అందుకని మీరు మీవాణ్ణి గొలుసుకి కట్టాలి. అంతే.

అభిమానం ఉంచవలెను.

వత్సలా లిమయే
(రిటైర్డ్ హెడ్‌మిస్ట్రెస్)

తా.క.: మీరు వానల సంగతి చెప్పే ఆఫీసులో పనిచేశారని విన్నాను. ఇన్నేళ్ళూ "వాన రాదు" అని మీరంటే నమ్మి, గొడుగు ఇంట్లో పెట్టి వెళ్ళి తడిసి ముద్దయ్యాం. ఇప్పుడు "ఏమీ చెయ్యడు" అంటే ఎలా నమ్మమంటారు?

---

మంగళవారం

పూజ్యులు లిమయే బాయికి,

దత్తాత్రేయ ఘాణేకర్ నమస్కారములు. మీ ఉత్తరం అందింది. మా ఆవిడ కవరు మాత్రం చూసి, మీ దస్తూరీని మెచ్చుకుంది.

శ్రీఖండ్ మా అమ్మాయి మృణాల్ పెంచిన కుక్క. ఉద్యోగం ట్రైనింగుకని కొచ్చి వెళ్తూ నాకు అప్పగించింది. "బాబా, వీడికి రోజూ గుట్ట చూపించు" అని మాట తీసుకుంది. వాడిది స్నేహ స్వభావం. ఆ స్నేహం కాస్త వేగంగా, నైరుతి దిక్కునుంచి వీస్తుంది, అంతే. స్వేచ్ఛగా తిరిగే ప్రాణికి గొలుసు వెయ్యడం నా సిద్ధాంతానికి విరుద్ధం. గొలుసు తేవడం లేదని మాత్రం అనకండి. రోజూ తెస్తూనే ఉన్నాను.

మీ చకలీ కూడా కాస్త పెద్దమనసు చేసుకుంటే బాగుంటుంది.

అభిమానం ఉంచవలెను.

మీ
ద. ఘాణేకర్

తా.క.: "వాన రాదు" అని నేను జన్మలో అనలేదు. "వచ్చే అవకాశం తక్కువ" అన్నాను. తడిసినవాళ్ళు ఆ తక్కువలో పడ్డారు.

---

బుధవారం

శ్రీ ఘాణేకర్ గారికి,

నమస్కారం. సాష్టాంగం ఈసారి మానేశాను, మోకాలు నొప్పి.

మీ ఉత్తరం చకలీకి చదివి వినిపించాను. అది మంచం కింద ఇంకాస్త లోపలికి జరిగింది. రొట్టెకి నెయ్యి రాసి గుమ్మం అవతల పెట్టాను. మెడ సాగదీసి రొట్టె వంక చూసింది, మీ బిల్డింగు వంక చూసింది, వెనక్కి పోయింది. ఆ రొట్టె నేనే తిన్నాను. ఏడుపొచ్చింది కూడా. రొట్టెకి కాదు.

మీ సిద్ధాంతానికి జవాబుగా గుట్ట మొదట్లో బోర్డు పెట్టించాను. తీరిగ్గా చదువుకోండి: "గొలుసు కుక్క మెడకి. యజమాని చేతికి నగ కాదు."

ఇకమీదట ఆరింటికి గుట్టకి రాను. రేపట్నుంచి ఐదున్నరకే చకలీని కూరల సంచిలో కూచోబెట్టి మోసుకొస్తాను. గాలి తగిలితే ధైర్యం వస్తుందేమో చూడాలి. గుట్టంతా ఆరింటినుంచి మీదే, ఏలుకోండి.

అభిమానం ఉంటే ఉంచండి, లేకపోతే లేదు.

వత్సలా లిమయే

తా.క.: ఉత్తరం వాచ్‌మన్ గంగారామ్‌తో పంపిస్తున్నాను. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగింటిదాకా జవాబు తెచ్చి బెల్లు కొట్టొద్దని చెప్పాను. పోట్లాట పోట్లాటే, కునుకు కునుకే.

---

బుధవారం

లిమయే బాయికి,

మీ నుంచి కొత్త ఉత్తరమేదీ ఇంకా రాలేదు, అయినా నేనే చొరవ తీసుకుంటున్నాను. చకలీ మంచం కిందే ఉందని మా ఆవిడ ఎవరి దగ్గరో విని, నిన్న రాత్రి నాకు కూర వడ్డించలేదు.

కాబట్టి రేపట్నుంచి శ్రీఖండ్‌ని ఆరింటికి తీసుకురాను, ఐదున్నరకే తెచ్చేస్తాను. మీరిద్దరూ నిశ్చింతగా ఆరింటికి రండి. ఆకాశం నిర్మలంగా ఉంటుందని నా హామీ.

అభిమానం ఉంచవలెను.

ద. ఘాణేకర్

తా.క.: గంగారామ్ ఇప్పుడే మీ ఉత్తరం తెస్తూ మెట్లెక్కుతున్నాడు. నేనూ ఇది అతనికే ఇచ్చి పంపిస్తున్నాను. అదేదో భోంచేశాక చదువుతాను.

---

శుక్రవారం

ఘాణేకర్ గారికి,

భోంచేసి పడుకున్నారా, చదివారా?

నిన్న ఐదున్నరకి నేను వచ్చేసరికి మీరున్నారు. మీ ఉత్తరం మధ్యాహ్నం కునుకు తర్వాత చదువుదామని పెట్టి మర్చిపోయాను, అది నా తప్పే. సరే, పోనీ అని ఇవాళ ఏడింటికి వచ్చాను. ఏడింటికీ మీరే. సంచిలో తల ఒకటి దూరింది, చకలీది కాదు, శ్రీఖండ్‌ది. లోపల ఉన్న కొత్తిమీర కట్ట నమిలి మింగాడు. చకలీ సంచి అడుగున చుట్టచుట్టుకుని ఊపిరి బిగబట్టింది. మీరు మళ్ళీ తుమ్మచెట్టు వెనకనుంచి అదే పాట.

నన్ను వెంటాడుతున్నారా? ఎండాకాలంలో ఆ వేషమేమిటి? మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు, మోచేతులదాకా తోలు తొడుగులు. ఒంటరి ఆడమనిషి మీద యుద్ధానికి బయల్దేరారా? పైగా నా బోర్డు కింద సుద్దతో "చకలీ నూనెలో వేయిస్తేనే రుచి" అని రాయడం. మీ వయసుకి తగిన పనేనా అది?

అభిమానం మీ దగ్గరే ఉంచుకోండి.

వ. లిమయే

తా.క.: సొసైటీ సెక్రటరీకి ఫిర్యాదు చేద్దామనుకున్నాను. విచారణకని ఆయన ఇంటికొస్తాడు, ఆయనకీ టీ ఇవ్వాలి. అందుకని ఆగాను.

---

శుక్రవారం సాయంత్రం

బాయీ,

అయ్యో, భోంచేసి పడుకున్నాను. మీరు ఐదున్నరకి వస్తున్నారని నిన్న గుట్ట దిగాక చదివి, మీకు ఇబ్బంది లేకుండా ఏడింటికి మారాను. మీరూ మారతారని ఎలా అనుకుంటాను? మనిద్దరి మర్యాదే మన కొంప ముంచుతోంది.

బోర్డు కింద రాసింది నేను కాదు. నా అక్షరాలు అంత బాగుండవు. బూట్లు, తొడుగుల సంగతి దయచేసి అడక్కండి. అది నా సొంత విషయం.

ద. ఘాణేకర్

తా.క.: కొత్తిమీర కట్ట పంపుతున్నాను. ఆదివారం మీరు ఏ టైముకి వస్తారో ముందే చెప్పండి. చెప్పిన టైముకే రండి. చెప్పాక నా మీద గౌరవంతో మార్చకండి.

---

ఆదివారం మధ్యాహ్నం (ఇవాళ నాకు నిద్ర పట్టలేదు)

ఘాణేకర్ గారికి,

టైము చెప్పకుండా రావడం నాదే పొరపాటు. కొత్తిమీర పంపినవాడికి ఏం రాయాలో తోచక ఊరుకున్నాను.

జరిగింది మీరూ చూశారు, అయినా నా వైపునుంచి చెప్పనివ్వండి. శ్రీఖండ్ పైనుంచి దూసుకొస్తున్నాడు. సంచిలో చకలీ గుండె నా చేతికి కొట్టుకుంటోంది. ఇక ఒళ్ళు మండిపోయింది. రిటైరయ్యాక ఎన్నడూ బయటికి తియ్యని గొంతు తీశాను. "కింద కూర్చో" అన్నాను.

శ్రీఖండ్ కూర్చున్నాడు. తలెత్తి చూద్దును కదా, గుట్టమీద నవ్వుల క్లబ్బులో నవ్వుతున్నవాళ్ళంతా నోళ్ళు మూసుకుని కూర్చున్నారు. బ్యాంకు మేనేజరు కూర్చున్నాడు. పరుగు తీస్తున్న పోలీసు ఇనస్పెక్టరు బాసింపట్టు వేసుకుని, చేతులు కట్టుకుని మరీ కూర్చున్నాడు. అందరూ మా బడి పిల్లలే, ఏం చేస్తారు పాపం. ఇనస్పెక్టరు వేలెత్తి, "బాయీ, బోర్డు కింద రాసింది నేనే" అని ఒప్పుకున్నాడు. వాడు చిన్నప్పుడూ అంతే. మీమీద నింద వేశాను, మన్నించండి.

నన్ను బాధపెట్టింది వేరే ఉంది. లేవమనగానే శ్రీఖండ్ తోకాడిస్తూ మీ దగ్గరికి పరిగెత్తాడు. మీరేమో బెంచీ ఎక్కి, అక్కణ్ణుంచి తుమ్మచెట్టెక్కి, కొమ్మ పట్టుకుని కళ్ళు మూసుకున్నారు. ఈ వయసులో, ఆ ముళ్ళలో. నా కేకకి అంత హడలిపోయారా? నేను అంత భయంకరమైన మనిషినా? పిల్లలు జడిసేవాళ్ళంటే అది ఉద్యోగం. పొరుగువాడు చెట్టెక్కాడంటే నా మీద నాకే చిరాకేసింది.

అభిమానం మిగిలుంటే కాస్త ఉంచండి.

వత్సలా లిమయే

తా.క.: ముళ్ళు దిగితే పసుపు, నెయ్యి కలిపి రాయండి. గంగారామ్ చేత నెయ్యి పంపిస్తున్నాను. గిన్నె తిరిగి పంపాలి.

---

ఆదివారం రాత్రి

పూజ్యులు బాయికి,

సాష్టాంగ నమస్కారం. నిజంగానే బోర్లా పడుకుని రాస్తున్నాను, ముళ్ళు అలాంటి చోట దిగాయి.

మీరు ఇంతగా బాధపడుతుంటే ఇంక దాచలేను. నేను మీకు జడిసి చెట్టెక్కలేదు. శ్రీఖండ్‌కి జడిసి ఎక్కాను.

అవును, మా కుక్కకే. చిన్నప్పట్నుంచీ నాకు కుక్కలంటే చచ్చేంత భయం. మృణాల్ కళ్ళనీళ్ళు పెట్టుకుని వాణ్ణి అప్పగిస్తుంటే చెప్పడానికి నోరు రాలేదు. పొద్దున్నే మా ఆవిడ తలుపు తీస్తుంది. వాడు మెట్లు దిగుతాడు. నేను ఒక అంతస్తు వెనగ్గా దిగుతాను. గొలుసు నా చేతిలో ఉంటుంది, మెడ వాడి దగ్గర ఉంటుంది. ఆ రెంటినీ కలిపే ధైర్యం ఇంతవరకూ రాలేదు. కింద గేటు దగ్గర నేను కడతాననే మా ఆవిడ నమ్మకం. బూట్లు, తొడుగులు అందుకే. స్వేచ్ఛా సిద్ధాంతం కూడా అందుకే.

ఇంకొకటి. "మావాడు ఏమీ చెయ్యడు" అని నేను అరిచేది మీతో కాదు బాయీ. నాతో నేను చెప్పుకుంటాను. దూరంగా ఉంటాను కదా, నాకు వినపడాలంటే గట్టిగా అనాలి అనిపిస్తుంది.

రేపట్నుంచి గొలుసు వెయ్యడం నేర్పిస్తారా? ముందు బెంచీలో కూర్చుంటాను. చకలీని మంచం కిందకి పంపింది నేనే, దాన్ని తిరిగి గుట్ట ఎక్కించే దారి ఏదైనా ఉంటే చెప్పండి. ఏ పనైనా చేస్తాను, చెట్టెక్కడం తప్ప.

అభిమానం ఉంచవలెను. మా ఆవిడకి చెప్పకుండా ఉంచవలెను.

మీ విద్యార్థి
దత్తాత్రేయ ఘాణేకర్

తా.క.: గిన్నె రేపు పంపుతాను. మిగిలిన నెయ్యి శ్రీఖండ్ నాకేశాడు. నేను చూస్తూనే ఉన్నాను, గది అవతలనుంచి.

---

మంగళవారం

చిరంజీవి దత్తాత్రేయకి,

ఆశీస్సులు. విద్యార్థినని మీరే అన్నారు కాబట్టి ఇలా మొదలుపెట్టాను.

నిన్నటి పాఠం ఎలా సాగిందో మీకు తెలియదు. మీరు గుట్టంతా కళ్ళు మూసుకునే ఎక్కారు. అందుకని రాసి చెప్తున్నాను.

శ్రీఖండ్ గొలుసు నేను పట్టుకున్నాను. వాడు బడి మొదటిరోజు పిల్లాడిలా బుద్ధిగా నడిచాడు. మొదట చిన్న కుక్కతో అలవాటు పడతారని చకలీని సంచితో సహా మీ ముందు దింపి, దాని గొలుసు మీ చేతిలో పెట్టాను. మీ చెయ్యి వణికింది. ఆ వణుకు గొలుసులోంచి దానిదాకా అందింది. సంచిలోంచి తల బయటపెట్టి మీ వంక చూసింది. ఈ లోకంలో తనకంటే భయపడేవాడు ఒకడున్నాడని అప్పుడే తెలుసుకున్నట్టుంది. మెల్లగా బయటికి దిగింది. మీ రబ్బరు బూటు వాసన చూసింది. తర్వాత మిమ్మల్ని గుట్టమీదికి లాక్కుపోయింది.

మీరు ఆగిన చోటల్లా ఆగి, వెనక్కి చూసి, మీరు కదిలాకే కదిలింది. పైకెళ్ళేసరికి దాని తోక మళ్ళీ జంతికలా చుట్టుకుంది. నేను ఏడ్చాను. శ్రీఖండ్ నా కళ్ళద్దాలు నాకాడు, ఈసారి ఏమీ అనలేదు.

ఇవాళ పొద్దున్న ఆరు కాకముందే చకలీ గుమ్మం దగ్గర నిలబడి మీ బిల్డింగు వంక చూస్తూ మొరిగింది. మిమ్మల్ని గుట్ట ఎక్కించే బాధ్యత తనదనుకుంటోంది. రేపు కళ్ళు తెరిచి రండి. మా చకలీ ఏమీ చెయ్యదండీ.

అభిమానం ఉంది.

మీ
వత్సలా బాయి

తా.క.: గుట్ట దిగాక ఇంటికి రండి, మీ ఆవిణ్ణీ తీసుకురండి. టీ ఇస్తాను. గిన్నె మర్చిపోకండి.