పొగబెట్టిన పక్కటెముకలు

రత్నమ్మా,

నువ్వు పోయి నేటికి ఏడాది. మన పిల్ల సుగుణ కడుపుతో ఇంటికొచ్చింది. ఏం తిన్నా వాంతి చేసుకుంటోంది. నువ్వు చేసినట్టు పొగబెట్టిన పంది పక్కటెముకలైతే తింటానంది.

ఉప్పు, కారం పట్టించి పొయ్యి పైన తీగకు వేలాడదీశాను. నిప్పుల మీద వేరుశనగ పొట్టు చల్లాను. కొవ్వు కారి మంట లేచింది, ఒక పక్కంతా మాడింది. నా మొహం చూసి సుగుణ నవ్వింది.

"ఏం కాదులే నాయనా. అమ్మ చేసినప్పుడూ మాడుతాండె. మాడినవి తాను తిని, మంచివి నీకు పెడతాండె. నీకు తెల్దా?"

తెలియదు రత్నమ్మా.

మంచివన్నీ దానికే వేశాను. కడుపునిండా తిన్నది, వాంతి కాలేదు. మాడిన ముక్క నేను నమిలాను. ఇంత చేదని నువ్వెప్పుడూ అనలేదు.